2012లో ప్యాంటు బూటు మీద పడేది, 2018లో చీలమండ దగ్గరే ఆగేది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ షార్ట్ ఫిల్మ్ కథ 2012లో విశాఖలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మొదలై, 2018లో అదే జంట పెళ్లితో ముగుస్తుంది. రెండు కాలాలకీ బట్టలు ఎలా ఉండాలని వెతికితే "స్కిన్నీ జీన్స్, అనార్కలీ, గడ్డం" అనే మూడు ముక్కలు తప్ప ఏమీ దొరకడం లేదన్నారు. పైగా మీ కెమెరామన్ "అదంతా నిన్నమొన్నటిదే కదా, ఇంట్లో ఉన్నవే వేసేద్దాం, ఎవరు చూడొచ్చారు" అంటున్నాడట. బాబూ, చూసేవాళ్లు ఉంటారు. నేనే చూస్తాను. సినిమాలో హీరో ఏడుస్తున్నా నా కళ్లు వాడి ప్యాంటు బాటమ్ మీదే ఉంటాయి.

డాబాగార్డెన్స్ వెనక సందులో మాకు టైలరింగ్ షాపు ఉంది. కాజాలు కుట్టే కుర్రాడిగా ఈ పనిలోకి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. మగవాళ్ల బట్టలు నావి, ఆడవాళ్లవి మా ఆవిడవి. కింద జాకెట్ల గురించి ఉన్నదంతా ఆవిడ చెబితే నేను రాసిందే. మీకు ఇంత ధీమాగా చెప్పడానికి కారణం మా కొలతల పుస్తకాలు. ఏ ఏడాది పుస్తకం ఆ ఏడాదే దాచాం. 2013ది ఒక్కటే లేదు, అదెందుకో తర్వాత చెబుతాను.

ముందు ప్యాంటు సంగతి. 2010, 2011 పేజీలు తిరగేస్తే కుర్రాళ్ల బాటమ్ చుట్టుకొలత 16, 16న్నర అంగుళాలు. 2012కి 15 అయింది. 2014కి 14. 2016, 17 వచ్చేసరికి 13, కొంతమందికి 12న్నర. పన్నెండున్నరలోంచి పాదం దూరాలంటే కాలికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని లాగాలి. అంతకుముందు చుడీదార్ వేసుకునే ఆడపిల్లలు చేసే పని అది. వాళ్లు చుడీదార్ మానేసి వదులుగా వేలాడే పలాజో ప్యాంట్లలోకి వెళ్లిన రోజుల్లో మగపిల్లలు ఈ కవర్ల దగ్గరికి వచ్చారు. అక్కడికి పెద్దవాళ్లెవరూ రాలేదు. అదే 2016లో స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన ఒకాయన వస్తే పొరపాటున 15 పెట్టి కుట్టాను. "ఏటి మాస్టారూ, కాలికి కట్టు కట్టినట్టుంది" అని తిప్పి పంపించారు. ఒకే ఏడాదిలో రెండు కాలాలు నడుస్తాయి. మీ సినిమాలో తండ్రి పాత్రకి, కొడుకు పాత్రకి ఒకే కటింగ్ వేయకండి. తండ్రికి 2018లో కూడా ముందు మడతలున్న వదులు ప్యాంటే వేయండి.

బాటమ్ కన్నా తేలికగా కాలాన్ని పట్టించేది పొడవు. 2012లో ఐదడుగుల ఎనిమిది అంగుళాల కుర్రాడికి 41 పొడవు పెట్టేవాడిని. ప్యాంటు అంచు బూటు మీద పడి ఒక మడత పడాలి, అది పడకపోతే పొట్టిదైపోయిందని అలిగేవాళ్లు. రెడీమేడ్ జీన్స్ అయితే చీలమండ దగ్గర నాలుగైదు ముడతలు పడి కుప్పగా ఉండేది. 2018లో అదే ఎత్తు కుర్రాడికి 38. సాక్సు కనపడకూడదు, చీలమండ కనపడాలి. మా నాన్నగారు ఉండుంటే ప్యాంటు నీళ్లలో కుదించుకుపోయిందనుకునేవారు. మీరు పాత బట్టలు వెతికే ఓపిక లేక ఒకే ఒక్క జాగ్రత్త తీసుకుంటానంటే, ఇది తీసుకోండి: 2012 సీన్లలో ఒక్క చీలమండ కూడా కనపడకూడదు.

2012 జీన్స్ "లో-వెయిస్ట్" రకం అని గుర్తుపెట్టుకోండి. నడుము మీద కాదు, తుంటి మీద నిలబడేది. బైకు వెనక కూర్చున్నవాడి లోపలి ఇలాస్టిక్ మీద ఏ కంపెనీ పేరుందో సిరిపురం సిగ్నల్ దగ్గర అందరికీ తెలిసిపోయేది. ఆ రెండు మూడేళ్లూ రంగు ప్యాంట్ల పిచ్చి కూడా ఉండేది, ఆవపిండి రంగు, ఇటుక ఎరుపు, నెమలి నీలం. పైన పెద్ద గళ్ల చొక్కా, మోచేతి పైదాకా మడిచిన చేతులు, లోపల ఒక టీషర్టు, గుండీలు తీసేసి. ఉక్కపోతకి లోపలి టీషర్టు పిండితే నీళ్లు కారేవి, అయినా మానలేదు. 2018కి గళ్లు చిన్నవైపోయాయి, లేదా మాయమయ్యాయి. చిన్న పువ్వుల ప్రింట్లు, డెనిమ్ చొక్కాలు, చైనీస్ కాలర్ లినెన్ వచ్చాయి. ప్యాంటుకి మోకాలి దగ్గర చిరుగులు. చిరిగిన జీన్స్ కొనుక్కొచ్చి, చిరుగు ఇంకొంచెం పెంచమని నాకిచ్చిన కుర్రాడు ఉన్నాడు. ముప్పై రూపాయలు తీసుకున్నాను. జీవితమంతా చిరుగులు కుట్టిన చేతులకి అదొక అవమానం అనిపించింది గానీ, డబ్బులు డబ్బులే.

లినెన్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. మనకి పక్కనే శ్రీకాకుళం జిల్లాలో పొందూరు ఉంది. వాలుగ చేప దవడతో దూదిని శుభ్రం చేసి, చేత్తో వడికి, చేత్తో నేసే సన్న ఖద్దరు అక్కడిది. ఈ ఊరి ఉక్కకి అంతకన్నా మంచి గుడ్డ లేదు. కానీ ఆ రోజుల్లో ఖద్దరు చొక్కా కుట్టమని వచ్చిన పాతికేళ్లవాడిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అది తాతల బట్ట, రాజకీయ నాయకుల బట్ట అనేవారు. అంతే చల్లగా ఉండే లినెన్‌కి మాత్రం మీటరుకి వెయ్యి పెట్టేవారు. మీ హీరో తాతగారికి పొందూరు ఖద్దరు వేయండి, 2012కీ 2018కీ అదే చెల్లుతుంది.

ఇక 2013 పుస్తకం. 2014 అక్టోబర్‌లో ఒకే వారంలో మా షాపుకి రెండు తుపాన్లు వచ్చాయి. అక్టోబర్ 6 సోమవారం ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డే పెట్టింది. మా షాపులో కాజాలు తీసే కుర్రాడు కూడా పొద్దున్నుంచీ ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాతి ఆదివారం, 12న, హుద్‌హుద్. గంటకు 180 కిలోమీటర్ల దాకా గాలి. దీపావళి 23న. అంటే షాపు నిండా కుట్టినవీ, సగం కుట్టినవీ, కటింగ్ చేసి కట్టలు కట్టినవీ. షట్టర్ వంగిపోయి నీళ్లు లోపలికి వచ్చేశాయి. ఎరుపు పట్టు మీది రంగు తెల్ల ప్యాంటు గుడ్డల్లోకి దిగింది. కింది అరలో ఉన్న 2013 పుస్తకం ముద్దయిపోయింది. రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు తీసేసి కాలు మిషన్ మీద, కొవ్వొత్తి పెట్టుకుని కుట్టాం. అయినా సగం మందికి ఇవ్వలేకపోయాం. వాళ్లంతా ఆ పండక్కి రెడీమేడ్ కొనుక్కున్నారు. వాళ్లలో చాలామంది మళ్లీ ప్యాంటు గుడ్డ పట్టుకుని రాలేదు. ఎప్పుడో జరగాల్సిందే, మాకు ఆ వారంలో జరిగింది. 2015లో నేను బోర్డు మీద "ఆల్టరేషన్" అని పెద్దక్షరాలతో రాయించాను. అందుకే చెబుతున్నాను, మీ 2018 కుర్రాడి చొక్కా కుట్టించినదిలా ఉండకూడదు. భుజం దగ్గర రెడీమేడ్, నడుము దగ్గర ఇరువైపులా లోపలికి పట్టించిన కుట్టు, అలా ఉంటేనే నిజం.

ఆడవాళ్ల బట్టలకి దీనికి పూర్తి రివర్సు జరిగింది. నాకు పని తగ్గిన కొద్దీ మా ఆవిడకి పెరిగింది. 2010లో లైనింగ్ జాకెట్టు కుట్టుకూలి మా దగ్గర 120 రూపాయలు. 2019కి 400. అది మామూలు జాకెట్టు మాట. దాని మీద మగ్గం వర్క్ మొదలైతే రెండు వేలకి తక్కువ లేదు, పెళ్లికూతురిదైతే పది వేలు దాటేది. చీర కన్నా జాకెట్టు ఖరీదైపోయింది. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, "అంతకుముందు చీర చూసి జాకెట్టు కుట్టించుకునేవారు, తర్వాత జాకెట్టు చూసి చీర కొనడం మొదలెట్టారు."

మీ హీరోయిన్ కాలేజీ సీన్లకి, 2012లో, మోకాలి పైకుండే కుర్తీ, కింద లెగ్గింగ్. కుచ్చుల పటియాలా ప్యాంటు అప్పటికి ఇంకా కనపడుతోంది గానీ ముసలిదైపోతోంది. చున్నీ తప్పనిసరి, రెండు భుజాల మీదా పిన్ను పెట్టి, ముందు వి ఆకారంలో. చున్నీ లేకపోతే కాలేజీ గేటు దగ్గరే ఆపేసే రోజులు. 2015 నాటికి చున్నీ ఒక భుజం మీదికి వచ్చింది, 2018కి ఇంట్లో ఉండిపోయింది. ఈ చున్నీ ప్రయాణం ఒక్కటి చూపించినా మీ సినిమాలో ఆరేళ్లు గడిచినట్టు తెలుస్తుంది. స్కూటీ మీద సీన్ ఉంటే ముఖమంతా స్కార్ఫ్ చుట్టి, కళ్లు మాత్రం కనపడేలా, మోచేతుల దాకా గ్లౌజులు. బీచ్ రోడ్డు ఎండకి ఆ రోజుల్లో సగం మంది అమ్మాయిలు అలాగే వెళ్లేవారు.

ఫ్రెషర్స్ పార్టీకి అనార్కలీ. కలీలు, అంటే కింద వెడల్పు కోసం కలిపి కుట్టే పొడవాటి ముక్కలు, ఎన్ని ఎక్కువుంటే అంత గొప్ప. ఛాతీ దగ్గర నెట్, కింద అంచుకి మెరిసే బోర్డరు. ఫేర్‌వెల్‌కి చీర, అది నెట్ చీర లేదా సగం ఒక రంగు సగం ఒక రంగు ఉండే హాఫ్ అండ్ హాఫ్. జాకెట్టు వీపు బాగా లోతుగా, పైన డోరీ కట్టి, దాని చివర గుత్తుల్లా వేలాడే లట్కన్లు. చేతులు పొట్టివి. ఇది బాగా గమనించండి. 2014 తర్వాత అంతా తిరగబడింది. బోట్ నెక్, హై నెక్ వచ్చి ముందు మెడ పైకి మూసుకుపోయింది, చేతులు మోచేతి దాకా దిగాయి, వీపు మీద కుండ ఆకారం, కిటికీ ఆకారం అని రకరకాల కటింగులు. 2012 సీన్‌లో బోట్ నెక్ కనపడితే మా ఆవిడ మీ సినిమా అక్కడే ఆపేస్తుంది.

పలాజోలు మా షాపుకి మొదట ఎక్కడ నుంచి వచ్చాయో చెబితే మీకు ఈ ఊరి లెక్క అర్థమవుతుంది. నేవీ క్వార్టర్స్ నుంచి వచ్చాయి. తూర్పు నౌకాదళం ఇక్కడే కాబట్టి ఢిల్లీ నుంచీ, ముంబై నుంచీ, కొచ్చి నుంచీ బదిలీ మీద వచ్చే కుటుంబాలు ఉంటాయి. వాళ్లమ్మాయి అక్కడ కొన్న ప్యాంటు తెచ్చి, "ఆంటీ, ఇలాంటిదే ఇంకోటి కుట్టండి" అంటుంది. అది చూసి పక్క సీట్లో కూర్చున్న ఎంవీపీ కాలనీ అమ్మాయి అడుగుతుంది. ఏడాది తిరిగేసరికి గాజువాకలో రెడీమేడ్ వేలాడుతుంది. 2014 దాకా ఫ్యాషన్ ఇలాగే నడిచి వచ్చేది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. ఇక నడక లేదు. రాత్రి ఎవరో హీరోయిన్ ఫంక్షన్‌కి వేసుకున్నది పొద్దున్న మా కౌంటర్ మీద ఫోన్‌లో కనపడుతుంది. "సేమ్ ఇలాగే" అంటారు. ఆ ఫొటోలో వీపు కనపడదు, లోపల ఏం గుడ్డ వాడారో కనపడదు. కొలతల పుస్తకంలో బొమ్మ గీసుకునే అలవాటు పోయి వాట్సాప్‌లో ఫొటోలు పెట్టుకునే అలవాటు వచ్చింది. దాంతో 2017 తర్వాత మా పుస్తకాల్లో అంకెలు తప్ప బొమ్మలు లేవు.

మధ్యలో కలంకారీ జ్వరం ఒకటి వచ్చింది, 2015, 16లో. సాదా కాటన్ చీర, కలంకారీ జాకెట్టు. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, యూనివర్సిటీ అమ్మాయిలు, అందరూ. పెడనలో అచ్చులతో అద్దేదీ, శ్రీకాళహస్తిలో కలంతో గీసేదీ అసలు కలంకారీ. మా కౌంటర్ మీదికి వచ్చిందాంట్లో ముప్పాతిక వంతు మిషన్ ప్రింటే. ఉతికితే తెలిసేది. అయినా అందంగానే ఉండేది, నేను తప్పు పట్టను. మీ కథలో 2015 సీన్ ఒక్కటైనా ఉంటే వాడుకోండి, చూడగానే ఏడాది చెప్పేస్తుంది. అలాగే భుజం దగ్గర కత్తిరించిన కోల్డ్ షోల్డర్ టాపులు 2016, 17వి. వాటి గురించి ఇంతకన్నా చెప్పను, ఆల్టరేషన్‌కి అంత చిరాకు పెట్టిన బట్ట ఇంకోటి లేదు.

ఇప్పుడు పెళ్లి. మీరు ఎక్కువ ఖర్చు పెట్టబోయేది ఇక్కడే కాబట్టి జాగ్రత్తగా వినండి. ముహూర్తం సీన్‌లో మార్చాల్సింది చాలా తక్కువ. మధుపర్కాలు 1988లోనూ అవే, 2018లోనూ అవే, తెల్ల బట్ట, ఎర్ర అంచు. దాని ముందు కట్టే పట్టుచీర కూడా పెద్దగా మారలేదు. కాలం అంతా జాకెట్టు మీదే ఉంది. 2018 పెళ్లికూతురికి మోచేతి దాకా చేతులు, చేతుల నిండా జర్దోసీ, కుందన్, పూసలు. వీపు మీద ఏనుగో, పల్లకీయో, ఒక్కోసారి వధూవరుల పేర్లో కూడా మగ్గం మీద కుట్టించారు. పేర్లు కుట్టించుకోవడం మా ఆవిడకి నచ్చేది కాదు, "ఆ జాకెట్టు ఇంకో పెళ్లికి ఎలా వేసుకుంటావమ్మా" అని అడిగేది. ఎవరూ వినలేదు. పైగా ఇక్కడి ఉప్పు గాలికి ఒక బాధ ఉంది. మామూలు ఇనుప హుక్కులు చెమటకి తుప్పు పట్టి పదివేల జాకెట్టు మీద మరక పడుతుంది. మేం పెళ్లి జాకెట్లకి స్టీలు హుక్కులే వాడతాం. మీరు షూటింగ్‌కి అద్దె జాకెట్టు తెస్తే ముందు హుక్కులు చూసుకోండి.

2012 పెళ్లికీ 2018 పెళ్లికీ అసలు తేడా ముహూర్తం చుట్టూ పుట్టిన కొత్త ఫంక్షన్లలో ఉంది. హల్దీ అని అందరికీ పసుపు బట్టలు, సంగీత్ అని క్రాప్ టాప్ లెహంగాలు, ప్రీవెడ్డింగ్ షూట్ అని రుషికొండలోనూ భీమిలిలోనూ ఇసుక మీద ఈడ్చుకుంటూ పోయే గౌన్లు. ఆ గౌను అంచులోంచి ఇసుక దులపడానికి మాకు ఒక పూట పట్టేది. రంగులు కూడా మారాయి. 2012లో రాణి పింక్, చిలకాకుపచ్చ, ఇంకా నియాన్ రంగులు. 2017 డిసెంబర్‌లో అనుష్క శర్మ పెళ్లికి లేత గులాబీ లెహంగా వేసుకుంది. ఆ తర్వాతి పెళ్లిళ్ల సీజన్లో మా దగ్గరికి పీచ్, లేత ఆకుపచ్చ, వెన్న రంగు గుడ్డలు గుట్టలుగా వచ్చాయి. పెద్దవాళ్లు మాత్రం "పెళ్లికి ఈ వెలిసిపోయిన రంగులేంటి" అని గొణుక్కున్నారు. ఈ డైలాగు మీ సినిమాలో అమ్మమ్మకి ఇవ్వొచ్చు, నేనేమీ అనుకోను.

పెళ్లికొడుక్కి రిసెప్షన్‌లో నల్ల సూటు వేయకండి, అది 2012. 2018కి ముదురు నీలం బంద్‌గలా, అంటే మెడ దాకా మూసుండే కోటు, లేదా లోపల వెయిస్ట్‌కోటుతో మూడు ముక్కల సూటు, ప్యాంటు నేరో, తోలు రంగు బూటు, జేబులో రుమాలు. పెళ్లికొడుకు స్నేహితులందరికీ ఒకే రంగు కుర్తాలు, పైన చేతుల్లేని జాకెట్టు. మోదీ ప్రధాని అయ్యాక ఆ జాకెట్టు పేరు "మోదీ కోటు" అయిపోయింది. దాన్ని మేం కనీసం నాలుగు వందలు కుట్టుంటాం. పంచెకి వెల్‌క్రో. కట్టుకోవడం రానివాళ్లకి అది దేవుడిచ్చిన వరం, చిన్నగా బర్రుమని చప్పుడు వస్తుంది, మీ సౌండ్ అబ్బాయికి చెప్పండి.

జుట్టు, గడ్డం నా పని కాదు గానీ రెండు ముక్కలు. 2012లో అబ్బాయికి జెల్ పెట్టి నిలబెట్టిన స్పైక్స్, నున్నగా గీసిన గడ్డం, అమ్మాయికి ఇస్త్రీ చేసినట్టు స్ట్రెయిటెనింగ్. గుబురు గడ్డం 2017 ఆగస్టులో అర్జున్ రెడ్డి వచ్చాక ఇంటింటికీ చేరింది. అంతకుముందు గడ్డం ఉంటే ప్రేమ విఫలమైందా, మొక్కుందా అని అడిగేవారు.

చివరిగా, బట్టలు ఎక్కడ దొరుకుతాయని అడిగారు కదా. అద్దె దుకాణాలకి వెళ్లకండి, అక్కడ 1970ల బెల్‌బాటమ్ దొరుకుతుంది గానీ 2012 జీన్స్ దొరకదు, దాన్నింకా ఎవరూ పాతది అనుకోవడం లేదు. జీన్స్ కోసం మీ అన్నయ్యల, బాబాయిల అటకలు వెతకండి. జాకెట్ల కోసం మీ పిన్నినీ, మేనత్తనీ "ఆది జాకెట్టు ఉందా" అని అడగండి. టైలర్‌కి కొలతకి ఇచ్చే ఆ ఒక్క జాకెట్టుని ఆడవాళ్లు పదేళ్లయినా పారేయరు, బీరువా కింది అరలో ఉంటుంది. అయితే అది ఈ పదేళ్లలో రెండు మూడుసార్లు విప్పి వదులు చేయించినదై ఉంటుంది. తిరగేసి చూడండి, పక్క కుట్టు దగ్గర పాత కుట్టు వెంబడి సన్నగా చుక్కల గీతలా రంధ్రాలు కనపడతాయి. 2012 నాటి అసలు కొలత ఆ గీత మీద ఉంటుంది. మీ హీరోయిన్‌కి సరిపోతే దాని మీదే మళ్లీ కుట్టించండి, లేకపోతే పట్టుకుని మా షాపుకి రండి. మధ్యాహ్నం రెండు తర్వాత మా ఆవిడ ఖాళీగా ఉంటుంది. శ్రావణమాసంలో మాత్రం రావద్దు.